నిజాంపట్నంలో దొరల పాఠం

పచ్చకామెర్లు వచ్చి మా అమ్మాయి రెండు నెలలు బడి మానేసింది. జబ్బు తగ్గాక మరో ఎనిమిది నెలలు నేనే మాన్పించాను. అడిగిన వాళ్ళందరికీ డాక్టరు వద్దన్నాడని చెప్పాను. పాపం ఆ డాక్టరు అలాంటిదేమీ అనలేదు.

మాది పర్చూరు దగ్గర పల్లె. ఊరి చివర ఇల్లు, మూడువైపులా పత్తి చేలు. మా ఆయన పోయాక పొలం కౌలుకిచ్చేశాను. మిరప కోతలప్పుడు దారిన పోయే కూలీల మాటలు వినపడతాయి, అవి అయిపోతే అదీ లేదు. ఎప్పుడో బి.ఇడి. చదివాను గానీ ఒక్కరోజు కూడా ఏ బళ్ళోనూ పాఠం చెప్పలేదు. ఆ ముచ్చటంతా ఈ పదేళ్ళ పిల్ల మీద తీర్చుకున్నాను. తొమ్మిదింటికి వసారాలో చాప పరిచి హాజరు పిలిచేదాన్ని. అది నవ్వకుండా "ప్రెజెంట్ టీచర్" అనేది.

ఇంగ్లీషు వాళ్ళు మన దేశానికి వచ్చిన పాఠం మొదలుపెట్టినప్పుడు నాకు ఎక్కడలేని హుషారొచ్చింది. తొలి రోజుల్లో వాళ్ళు సరుకు దించిన రేవుల్లో మన నిజాంపట్నం ఒకటి. మన నేతబట్ట కోసం, చిరివేరుతో ఎర్రరంగు అద్దిన గుడ్డల కోసం అంత దూరం నుంచి వచ్చారు. గిడ్డంగి కట్టుకుని, ఇంటికి ఉత్తరం రాసి, జవాబు కోసం ఏడాది పైగా ఎదురుచూశారు. వాళ్ళ వ్యాపారం సంగతి రెండు ముక్కల్లో తేల్చేసి ఆ ఎదురుచూపు గురించే గంటసేపు చెప్పాను. ఎందుకో నాకే అర్థం కాలేదు.

"అక్కడికెళ్ళి చూద్దామా?" అన్నాను. ఆదివారం బాపట్లలో బస్సు మారి నిజాంపట్నంలో దిగాం.

చూడ్డానికి ఏముంది? పడవలు, వలలు, ముక్కు పగిలే ఎండుచేపల వాసన. చేపలు ఆరబెడుతున్న ఒకావిడ మమ్మల్ని ఎగాదిగా చూసి "ఎవరి కోసమమ్మా?" అంది. వెనకటికి ఇక్కడికి ఇంగ్లీషు వాళ్ళు వచ్చారట, ఆ చోటు చూద్దామని వచ్చామన్నాను. "ఈ పక్కకెవరూ రాలా. వస్తే నా ముందు నుంచేగా పోవాలి!" అంది ధీమాగా. నాకు నవ్వొచ్చింది. మా అమ్మాయికి చెబుదామని తిరిగితే పక్కన లేదు.

కాస్త అవతల ఇసకలో నలుగురు ఆడపిల్లలు గీతలు గీసి తొక్కుడుబిళ్ళ ఆడుతున్నారు. ఇది వాళ్ళను చూస్తూ నిలబడింది. "ఏమే, వస్తావా?" అని ఒకతి పిలిచిందో లేదో చెప్పులు అక్కడే విడిచి పరిగెత్తింది. గెంతుతూ అరుస్తోంది. దాని గొంతు అంత పెద్దదని మర్చిపోయాను. పాఠం పుస్తకం చేత్తో పట్టుకుని పడవ నీడన కూర్చున్నాను. నిజం చెప్పాలంటే ఆ పిల్లల మీద కోపమొచ్చింది. నా పిల్లను లాక్కున్నారనిపించింది.

ఆట మధ్యలో ఇందాక పిలిచిన పిల్ల మా అమ్మాయిని అడగడం నాకు వినపడింది. "నువ్వే బళ్ళో చదువుతున్నావే?"

"బడికి పోవట్లా."

"జబ్బు చేసిందా?"

"ఎప్పుడో తగ్గింది. మా అమ్మ ఒక్కతే ఉంటది. నేను కూడా పోతే ఇంట్లో తనతో మాట్టాడేవాళ్ళుండరు."

మామూలుగా చెప్పేసి మళ్ళీ గెంతింది. ఊరందరినీ నమ్మించాననుకున్నాను. దానికి మొదటినుంచీ తెలుసు. తెలిసే రోజూ చాప మీద కూర్చుని హాజరు పలికింది.

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చోబెట్టాను. కాళ్ళనిండా ఇసక, మొహంలో వెలుగు.

"రేపటి పాఠమేంటమ్మా?"

"పాఠం లేదు. రేపు బళ్ళోకి పోదాం. మీ హెడ్మాస్టరు గారితో నేను మాట్లాడతాను."

ఎగిరి గంతేస్తుందనుకున్నాను. నా వైపు తిరిగి నా మొహాన్నే చూస్తూ ఉండిపోయింది. దాని మొహంలో వెలుగు కాస్త తగ్గింది.

"మరి నేను వచ్చేదాకా నువ్వేం చేస్తావమ్మా?"

వంట చేస్తానన్నాను. బట్టలు ఉతుకుతానన్నాను. అది ఇంకా వింటూనే ఉంది.