రిలీవర్ వచ్చేదాకా

తిరిగే కాలూ తిట్టే నోరూ ఊరుకోవంటారు. మా ఇంట్లో ఆ కాలు లీలది, నోరు నాది. లీల నా తోడికోడలు. టాటానగర్ రైల్వే క్వార్టర్లలో పుట్టి పెరిగి, టెల్కో కాలనీలో మా ఇంటికి చిన్న కోడలిగా వచ్చింది. కుక్కర్ మూడో కూత దాకా ఆగే ఓపిక ఉండదు. రెండో కూతకే దించేసి పలుకు అన్నం వడ్డించి, "నమిలితే సరిపోద్దక్కా" అంటుంది. నేను తిడతాను. ఆవిడ కంచం చేత్తో పట్టుకుని తిరుగుతూనే తింటుంది.

అలాంటి మనిషికి దొరికిన ఉద్యోగం చూడండి! గోల్‌మురిలో మా తెలుగువాళ్ల సంఘం హాల్లో పిల్లలకి కంప్యూటర్లు నేర్పాలి. రెండువేల మూడో సంవత్సరం. ఏదో ఆఫీసువాళ్లు వదిలించుకున్న పాత మిషన్లు, వాటిలో ఊరికే దొరికే లినక్స్ ఆపరేటింగ్ సిస్టం. కంప్యూటర్లలో డిగ్రీ చదివి ఇన్నేళ్లూ వంటింట్లో తిరిగిన మనిషికి అదే మొదటి ఉద్యోగం. పొద్దున్నే స్కూటీ తాళాలు గలగల్లాడించుకుంటూ వెళ్లేది. ఆ చప్పుడు వింటే నాకూ సంతోషంగా ఉండేది, పైకి అనలేదు గానీ.

ఆ సంతోషం మీద మన్ను పోసింది ప్యాకేజీ మేనేజర్. లినక్స్‌లో కొత్త ప్రోగ్రాం పెట్టాలన్నా, పాతది తీయాలన్నా ఆ మేనేజరే చెయ్యాలట. ప్లాంటులో స్టోర్ కీపర్ లాంటివాడన్నమాట. ఆయన చెయ్యి పడందే సామాను లోపలికి రాదు, బయటికి పోదు. హాల్లో ఉన్న పెద్ద మిషన్ మీదే మిగతావన్నీ ఆధారపడ్డాయి. దానిలో కొత్త ప్రోగ్రాములు ఎక్కితే తప్ప పాఠాలు ముందుకి సాగవు. ఎక్కించడానికేమో పొద్దున్న మొదలుపెడితే రాత్రి దాకా పడుతుంది. మధ్యాహ్నం రెండింటికి ఫ్యాక్టరీ సైరన్ కూస్తే హాలు మూసేస్తారు. లీల పని మొదలుపెట్టి, దాని మానాన దాన్ని వదిలి, బడి బస్సు దిగే కూతురు లాస్య కోసం వచ్చేసేది.

మర్నాడు వెళ్లేసరికి పని సగంలో ఆగి, మిషన్ మళ్లీ మొదటినుంచి లేచి కూర్చుని ఉండేది. స్టోర్ కీపర్ లోపల గడియ పెట్టుకుని పడుకునేవాడు. ఏ కమాండు కొట్టినా ఉలుకూ పలుకూ లేదు. లాక్ ఫైళ్లంటారట, లీల ఆ గడియ ఫైళ్లు తుడిచేది, చెదిరిపోయిన డేటాబేసుని తిరిగి కట్టేది, మళ్లీ మొదలుపెట్టేది. మర్నాటికి మళ్లీ అదే కథ. సీడీ మార్చింది. మెమరీ పీకి తుడిచి పెట్టింది. అన్నం సయించలేదు, నిద్ర పట్టలేదు. కాలుగాలిన పిల్లిలా వసారాకీ వంటింటికీ మధ్య తిరుగుతుంటే నాకే కళ్లు తిరిగాయి.

సంఘం కార్యదర్శి భీమశంకర్ గారు మంచివారే, కానీ ఓపిక తక్కువ. ఆదివారం కమిటీ వచ్చేసరికి పెద్ద మిషన్ పనిచెయ్యకపోతే హాలు ఒక ప్రైవేటు ఇన్‌స్టిట్యూట్‌కి ఇచ్చేస్తామన్నారు. అంటే క్లాసూ లేదు, లీల ఉద్యోగమూ లేదు.

శుక్రవారం ఇంటికొస్తూ లీల టిఫిన్ డబ్బా హాల్లో మరిచిపోయి, దారిలోంచి వెనక్కి తిరిగింది. వాచ్‌మన్ ముసలయ్య హాలుకి తాళం వేస్తున్నాడు. తీయించి చూస్తే లోపల చీకటి. పెద్ద మిషన్ చప్పుడు లేకుండా, నల్లగా ఉంది. గోడ మీద మెయిన్ స్విచ్చి దింపి ఉంది.

ముసలయ్య ఏదో మిల్లులో జీవితమంతా పనిచేసి రిటైరైనవాడు. సైరన్ కూస్తే మెయిన్ దింపి బయటికి రావడం ఆయన ఒంట్లో జీర్ణించుకుపోయింది. పొద్దున్న లీల రాకముందే మెయిన్ ఎక్కించేవాడు. ఎక్కించగానే ఆ పాత మిషన్ దానంతటదే లేచేది. మధ్యలో కరెంటు తీశారని లీలకేం తెలుస్తుంది? ఇకమీదట దింపొద్దని లీల బతిమాలితే ఆయన ససేమిరా అన్నాడు.

"సైరన్ కూసీసేక పనేటమ్మా? నా సెడ్డులో ఏనాడూ నిప్పు రవ్వ నెగవలేదు. ఇక్కడ మాత్రం ఎలా వదిలీమంతావు?"

ఇంటికొచ్చి చెబితే నాకు ఒళ్లు మండింది. భీమశంకర్ గారికి ఒక్క మాట చెప్పి నీ ఉద్యోగం దక్కించుకో అన్నాను.

"చెప్తే తాతని తీసేత్తారక్కా," అంది.

నీ ఉద్యోగం పోతే ఆ తాతొచ్చి ఓదారుస్తాడా అని అరిచాను. లీల వసారాలోకి పోయి మళ్లీ తిరగడం మొదలెట్టింది. నాకు కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది.

శనివారం లాస్యకి జ్వరం. మధ్యాహ్నం నుంచి నాకు నేను పనిచేసే బళ్లో పరీక్షల డ్యూటీ. రెండు దాటాక లీల హాల్లో ఉండే వీల్లేదు. గడియ ఫైళ్లు తుడిచి, డేటాబేసు కట్టి, పని మొదలుపెట్టింది. సైరన్ కూసింది. ముసలయ్య చెయ్యి స్విచ్చి మీదికి వెళ్లింది. అప్పుడు లీలకి వాళ్ల నాన్న నీలకంఠం గారు గుర్తొచ్చారట. స్టేషన్ సిగ్నల్ క్యాబిన్లో తన బదులు మనిషి, ఆ రిలీవర్ రానిదే ఆయన కుర్చీ దిగేవారు కాదు.

"తాతా, మీ మిల్లులో రిలీవర్ రాకుండా మిషన్ వదిలీసేవోరా?"

"ఎలా వదుల్తామమ్మా? సైరన్ కూస్తే కూసింది. రిలీవర్ రావాల."

"ఇది ఇంకా డ్యూటీలో ఉంది. దీని రిలీవర్ని నేను. రేపు పొద్దున్నొస్తాను, అందాకా ఆపకు."

ముసలయ్య మిషన్ వైపు చూశాడు. స్విచ్చి మీంచి చెయ్యి తీశాడు.

ఆదివారం లాస్యకి జ్వరం తగ్గింది. పొద్దున్నే ఇద్దరం స్కూటీ మీద బయల్దేరాం. దారంతా లీల వెనక కూర్చున్న నాతో ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉంది. హాలు గేటు దగ్గర ముసలయ్య భార్య దాలమ్మ అన్నం డబ్బా పట్టుకుని మండిపడుతోంది. నిన్నట్నించీ మనిషి ఇంటికి రాలేదట.

లోపల పెద్ద మిషన్ ముందు స్టూలు మీద ముసలయ్య నిటారుగా కూర్చున్నాడు. నిద్రలేక కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి. తెర మీద పని పూర్తయిన గుర్తు మెరుస్తోంది.

"ఇంటికి పోలేదేటి తాతా?" అంది లీల.

"నువ్వు రాలేదు కదమ్మా," అన్నాడు.

తను ఆపొద్దంది మిషన్ని మాత్రమే. ఆయన తన్ని తానే డ్యూటీలో పెట్టుకున్నాడు. లీల ఆ స్టూలు పక్కన నేల మీద చతికిలబడింది. పెళ్లయి వచ్చిన దగ్గర్నుంచీ ఆమె అలా కదలకుండా కూర్చోవడం నేను చూడలేదు.

కమిటీ వచ్చింది. మిషన్లన్నీ ఒక్కొక్కటే లేచాయి. క్లాసు ఉంచుతామన్నారు. ఇన్నాళ్లూ లోపం ఎక్కడుందని భీమశంకర్ గారు అడిగారు. ముసలయ్య నోరు తెరవబోయాడు. లీల అడ్డం వచ్చి, మిషన్ పాతది కదండీ, మధ్యలో ఆగిపోయేదని చెప్పింది. ఈసారి నా నోరు కూడా ఊరుకుంది.

మాటల్లో రెండైంది. సైరన్ కూసింది. ముసలయ్య లేచి గోడ దగ్గరికి వెళ్లాడు. చెయ్యెత్తి, స్విచ్చి ముట్టుకోకుండానే ఆగి, లీల వైపు తిరిగాడు.

"దింపీమంతావేటమ్మా?"

భీమశంకర్ గారు స్విచ్చి వైపు చూశారు, లీల వైపు చూశారు. లోపం ఎక్కడుందో ఆయనకి తెలిసిపోయినట్టే ఉంది; అయినా చెప్పులు వేసుకున్నారు.

లీల మిషన్ని తనే ఆపింది. తెర నల్లబడేదాకా నిలబడి చూసింది.

"ఇప్పుడు దింపు తాతా," అంది.