జగ్గారావు గారి ‘ఎక్కణ్ణుంచండీ?’

జగ్గారావుకి ఒకటే తెగులు. ఎదుటి మనిషి ఎక్కణ్ణుంచి వచ్చాడో తేలేదాకా ఆయనకి మెతుకు దిగదు. పేరు అక్కర్లేదు, పని అక్కర్లేదు. బొండం కొట్టిచ్చినా, ఏ తోటదో చెప్పందే నోటికి ఎత్తడు. పెళ్ళిచూపులకి వెళ్ళి పిల్ల మొహమైనా చూడకుండా, “మీ ఇల్లు ఆ వీధిలో ఎన్నోదండీ?” అని అడిగిన ఘనుడు. ఆ పిల్ల ఎలా ఒప్పుకుందో దేవుడికే తెలియాలి.

అలాంటివాడికి మలికిపురం కొబ్బరి కంపెనీలో కంప్యూటర్లు అప్పగించారు. ఇక చూడండి వేడుక! ఆఫీసులో పెద్ద కంప్యూటరొకటి. లారీల వివరాలు ఎక్కించేవాళ్ళు ఇళ్ళల్లో కూర్చునే అందులోకి లాగిన్ అవుతారు. ఎవరు దూరినా ఈయన నల్ల తెర తెరిచి రెండు ముక్కలు కొడతాడు. ఎవరు ఏ నంబరు నుంచి వచ్చారో వరసగా పడుతుంది. మనిషికి ఇంటి చిరునామా ఎలాగో, కంప్యూటరుకి ఆ నంబరు అలాగట. అదంతా పుస్తకంలో రాసుకుని, మళ్ళీ ఫోను చేసి అడుగుతాడు. తెర మీద కనబడుతున్నదాన్ని అడగడమేమిటి, చోద్యం కాకపోతే!

లారీల వివరాలు ఎక్కించే జాయ్‌కి ఆ ఫోను రోజూ పదింటికి.

“ఎక్కణ్ణుంచమ్మా?”

“ఇంటి నుంచేనండీ.”

“ఆయ్. కానియ్యమ్మా.”

ఇల్లూ కాదు, వాకిలీ కాదు. తల్లికి తుంటి విరిగి, జాయ్ పన్నెండు రోజులుగా అమలాపురం ఆసుపత్రిలో మంచం పక్కన స్టూలు మీద కూర్చుని, అక్కడి వైఫైతో పని చేస్తోంది. ఇంటి నుంచి తప్ప ఇంకెక్కణ్ణుంచి లాగిన్ అయినా ఉద్యోగం ఊడుతుందని యజమాని పాపారావు శాసనం. సెలవడిగితే “మానేస్తావా?” అంటాడు. పది కొట్టేసరికి జాయ్ ‘ఈ ముసలాయన పీడ ఎప్పుడు విరగడవుతుందో’ అని తిట్టుకోని రోజు లేదు.

పదమూడోనాడు పాపారావే ఫోను చేశాడు. మాట మధ్యలో ఆయా, “డాక్టరుగారొస్తున్నారు, జరగండి!” అని అరిచింది.

పాపారావు ఫోను పెట్టకుండానే కేకేశాడు. “ఏవయ్యా జగ్గారావూ! ఈ పిల్ల ఎక్కణ్ణుంచి లాగిన్ అయ్యిందో చూడు.”

టకటక చప్పుడు.

“నంబరు పడిందండీ.”

“వాళ్ళింటిదేనా? పుస్తకం తియ్యి.”

కాగితాలు తిరిగాయి. జాయ్ కళ్ళు మూసుకుంది.

“జాయ్. ఇల్లు. ఇదిగోండి, అంకెకి అంకె సరిపోయింది.”

“మరి ఆ డాక్టరెవడు?”

“పక్కింటాయనై ఉంటాడండీ. హోమియోపతీ.”

పాపారావు గొణుక్కుంటూ పెట్టేశాడు. ఐదు నిమిషాల్లో జగ్గారావు ఫోను.

“ఆ ఆసుపత్రికి వైఫై పెట్టింది నేనేనమ్మా. మొదటిరోజే గుర్తుపట్టేను. ఆ నంబరు పక్కన ఇల్లని రాసేసేను.”

“తెలిసుండీ రోజూ అడిగేరా బాబాయ్‌గారూ?”

“నువ్వు ‘ఇల్లు’ అన్నావు, నేను విన్నాను, రాసేను. ఇందులో నా అబద్ధం ఏవుంది? సరేగానీ, అమ్మ మంచం ఎక్కడ? కిటికీ వైపా, తలుపు వైపా?”

అయ్యో, ఇంకా వదల్లేదు!

“తలుపు వైపండీ.”

“అదీ సంగతి! అందుకే నీ లాగిన్ గంటకోసారి తెగిపోతోంది. వైఫై డబ్బా కిటికీ దగ్గరుంది.”

సాయంత్రం స్వయంగా వచ్చి, నర్సుతో మాట్లాడి, మంచం జరిపించాడు. చెమట తుడుచుకుంటుంటే, మగత వదిలిన తల్లి కళ్ళు తెరిచింది.

“ఎక్కణ్ణుంచి బాబూ?”

ఇన్నేళ్ళలో ఆ మాట ఆయన్ని అడిగిన మనిషి లేడు. జగ్గారావు స్టూలు లాక్కుని, తాతగారి ఊరి దగ్గర మొదలుపెట్టాడు.