ఇరుకు గూటి పాఠం

ప్రొద్దుటూరు కాలేజీలో మా కెమిస్ట్రీ సారు పాఠం చెబుతూ రెండు అరచేతులనూ గూడులా మూసి చూపేవారు. వెలుతురు తగిలితే అణువు రెండు ముక్కలవుతుంది. రాడికల్స్ అనే ఆ ఒంటి ముక్కలు బయలులో చెరో దిక్కుకు పోతాయి. ఇరుకు గూటిలో అయితే పోయే దారి లేక మళ్లీ ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. ఆ సబ్జెక్టులో నాకు అర్థమైంది ఇదొక్కటే. పరీక్షలో అదీ రాలేదు.

హాస్టల్ వార్డెనూ ఆయనే. జమ్మలమడుగు దగ్గర మా ఊళ్లో రెండు వర్గాలు, రెండు పార్టీలు. నన్నూ, అవతలి వర్గం కుర్రాడినీ కావాలనే ఒకే గదిలో వేశారు. "కొట్టుకు సస్తారు సార్" అన్నారు తోటి లెక్చరర్లు. "కొట్టుకునేకి ఆడ జాగా యాడుందప్పా?" అన్నారాయన. నిజమే. నెల తిరిగేసరికి ఇద్దరం ఒకే పళ్లెంలో తింటున్నాం.

ఎన్నికల ముందు మా మామ గదికి వచ్చాడు.

"నీ జతగాడు ఊరికి ఎప్పుడు పోతాండాడు అల్లుడూ?"

"రేపు పొద్దున బస్సుకు మామా" అన్నాను. వాగుడు నా జబ్బు.

ఆ బస్సును దారిలో ఆపి, వాణ్ని దించి నరికారు.

సారు దగ్గరికి పోయి జరిగింది చెప్పాను. ఆయన తిట్టలేదు.

"నేను సగం పాఠమే చెప్పినానప్పా. గూడు ఇరుకైతే చాలదు, దాని గోడ ఎట్లాంటిదో చూడాల. కొన్ని గోడలు ముక్కను తామే లాగేసుకుంటాయి."

మరుసటి వారం గదులు మార్చేశారు. మా వర్గం కుర్రాళ్లు మేడ మీద, వాళ్ల కుర్రాళ్లు కింద. సారు మంచి పని చేసినాడని రెండు వర్గాల పెద్దలూ మెచ్చుకున్నారు. వాళ్లు ఒకే మాట మీద నిలబడటం నేను చూసింది ఆ ఒక్కసారే.