నల్ల కారు మీద సున్నలు

పోయినవాటిని ముందు చెబుతాను. పాలిష్ డబ్బా ఒకటిన్నర. మెత్తటి గుడ్డలు ఐదు, అందులో ఒకటి కొత్తది, చేయి జారి నేల మీద పడినందుకు పోయింది. నేల మీద పడిన గుడ్డకు ఇసుక అంటుకుంటుంది, దాన్ని మళ్లీ కారుకు తగిలించకూడదు. నా కుడి బొటనవేలి పక్కన తోలు కొంచెం. ఒక ఆదివారం మొత్తం, దానికి ముందు శనివారంలో సగం. మా బావ రిటైరయిన రోజు ఊరేగింపులో ఆయన ముఖం మీద ఉండాల్సిన నవ్వు. ఈ చివరిదాన్ని ఎవరి ఖాతాలో రాయాలో నాకు అప్పుడూ తెలియలేదు, ఇప్పుడూ తెలియదు.

బావ అంటే మా అక్క భర్త. లాలాగూడ రైల్వే వర్క్‌షాప్‌లో ఫిట్టర్‌గా చేశాడు. అక్కడ చివరి రోజున తోటివాళ్లు దండలు వేసి, బ్యాండు పెట్టి, మనిషిని ఇంటి గుమ్మం దాకా తెచ్చి అప్పజెప్పి పోతారు. చాలామందికి కిరాయి జీపే. బావ మాత్రం తన సొంత కారులోనే రావాలనుకున్నాడు. సెకండ్ హ్యాండులో కొన్న నల్ల కారు అది. ఇల్లు మెట్టుగూడలోనే, నడిచి వచ్చేంత దూరం.

"బామ్మర్దీ, ఆ దినం దాంట్ల నా మొఖం కనబడాలె. బ్యాండు కొట్టేటోని మొఖం సుత కనబడాలె," అన్నాడు.

కార్ల పాలిష్ షాపులో మిషన్‌తో చేయిద్దామంటే ఒప్పుకోలేదు. "మిషన్ పెట్టి రంగంత గీకేస్తరు. నువ్వు చెయ్యి. నీది నిదానం చెయ్యి."

నేను బజారులో నాలుగు దుకాణాల లెక్కలు చూస్తాను. ఆ పని నాకెవరూ నేర్పలేదు, చూసి చూసి నేర్చుకున్నాను. పాలిష్ కూడా అలాగే వస్తుందనుకున్నాను. ఫోన్లో వీడియోలు చూశాను. కారు పైరేకును విడివిడిగా లెక్కేస్తే బానెట్, టాపు, డిక్కీ మూత, నాలుగు తలుపులు, నాలుగు మడ్‌గార్డులు, మొత్తం పదకొండు. ఒక్కోదాన్ని మూరెడు గళ్లుగా అనుకుని, గడికి శనగ గింజంత పాలిష్ తీసుకున్నాను. గుండ్రంగా రుద్దితే గీతలు అన్ని వైపుల నుంచీ కనిపిస్తాయట, అందుకని ముందు నుంచి వెనక్కి తిన్నగా రుద్దాను. గుడ్డల అంచు కుట్లు కత్తిరించేశాను. అంతకుముందు షాంపూ నీళ్లతో రెండుసార్లు కడిగాను. పనంతా వాళ్ల పోర్టికో నీడలోనే. ట్యూబులైటు కింద చూస్తే మచ్చ లేదు. బావ బానెట్‌లో చూసుకుని తల దువ్వుకున్నాడు కూడా.

రిటైరయిన రోజు సాయంత్రం నాలుగింటికి వర్క్‌షాప్ గేటు బయట ఎండ ఏటవాలుగా పడుతోంది. బావ మెడ నిండా దండలతో వచ్చి కారెక్కబోతున్నాడు. ఆయనతో కలిసి పనిచేసిన ఒకాయన బానెట్ మీదికి వంగాడు.

"క్యా భాయ్, గిదేంది? కార్ మీద సాలీడు గూడు కట్టింది గదా! ఇంతకి రిటైర్మెంట్ నీకా, దీనికా?"

అందరూ నవ్వారు. నేనూ చూశాను. నల్ల రంగు మీద సూర్యుడి ప్రతిబింబం చుట్టూ సన్నటి సున్నలు, ఒకదానిలో ఒకటి, జాలీ లాగా. బావ నా వైపు ఒక్కసారి చూసి లోపల కూర్చున్నాడు. బ్యాండు మోగింది. దారి పొడుగునా ఆయన ముందు అద్దంలోంచి ఆ బానెట్‌నే చూస్తున్నాడు.

ఇంట్లో అందరూ వెళ్లాక అడిగాడు. "ఏం పెట్టి రుద్దినవురా?"

"మెత్తటి గుడ్డే బావా. తిన్నగా రుద్దిన. సున్నలు ఎట్ల వస్తయి?"

"గది నన్నడుగుతవేంది? రుద్దింది నువ్వు."

"పాపం, ఎంత తక్లీఫ్ పడ్డడో," అంది అక్క. ఎవరి గురించి అన్నదో అడగలేదు.

మరునాడు పొద్దున వెళ్లి ఎండలో నిలబడి ఆ సున్నలను లెక్కపెట్టబోయాను. కుదరలేదు. నేను ఒక అడుగు పక్కకు జరిగితే అవీ జరిగాయి. సూర్యుడు ఎక్కడ కనిపిస్తే దాని చుట్టే ఉన్నాయి. అంటే అవి నిజంగా సున్నలు కావు, అన్ని దిక్కులా పోయిన గీతల్లో వెలుగుకు అడ్డం పడినవి మాత్రమే మెరిసి అలా కనిపిస్తున్నాయి. అట్లయితే అందులో నా తిన్నని గీతలు ఎన్ని, పాతవి ఎన్ని? విడదీసే దారి లేదు.

నేనలా నిలబడి ఉండగానే బావ బయటికొచ్చాడు. చేతిలో గుప్పెడు కాటన్ వేస్ట్. మిషన్లు తుడవడానికి రాణిగంజ్‌లో కిలోల లెక్కన అమ్మే దారాల ముద్ద. దాని మీద రెండు చుక్కల ఆయిల్ వేసి, పొడి దుమ్ము మీదే గుండ్రంగా తిప్పుతూ టాపు తుడవడం మొదలుపెట్టాడు. కారు కొన్నప్పటి నుంచి రోజూ పొద్దున ఇదే పనట. నేను పాలిష్ చేశాక ఊరేగింపు దాకా మాత్రం ముట్టలేదట. నాకు తెలియదు, నేనెప్పుడూ అంత పొద్దున వెళ్లలేదు. ఆయిల్ తగిలిన చోట సున్నలు మాయమయ్యాయి.

అంటే ఇన్నేళ్లూ గీతలు పడుతున్నాయి, ఆయిల్ వాటిని కప్పుతోంది, నా షాంపూ ఆ కప్పును తీసేసింది. లేదా ఆయిల్ నా గీతలనే కప్పుతోంది. రెండు లెక్కలూ సరిపోతున్నాయి.

"బావా, బానెట్ కుడి సగం మళ్లీ చేసి ఇస్త. ఒక వారం దాన్ని ముట్టకు. ఎడమ సగం నీ ఇష్టం. చూద్దాం."

"సరే," అన్నాడు.

వారం తర్వాత వెళ్లేసరికి రెండు సగాలూ ఒకేలా ఉన్నాయి. దుమ్ము పట్టిన సగాన్ని చూడలేక అక్క తుడిచిందట, అదే వేస్ట్‌తో. "సగం గడ్డం గీసుకున్నోని లెక్క ఉంది. వాడకట్టోళ్లు నవ్వరా?" అంది.

చివరికి అనేశాను. "బావా, వేస్ట్ పెట్టకు. దుమ్ముంటే నీళ్లతో కడుగు. లేకుంటే అసలు ముట్టకు."

ఆయన కోపగించుకుంటాడనుకున్నాను. వేస్ట్‌ను అరచేతిలో తిప్పుకుంటూ నిలబడ్డాడు. "ముట్టకుంటే పొద్దుగాల లేచి ఏం చెయ్యాలె నేను? ఆరింటికే మెలకువ వస్తది. సైరన్ లేదు, వర్క్‌షాప్ లేదు. జెర సేపు దీన్నన్న తుడవొద్దా?"

నేను వంగి బానెట్ కుడి సగం మళ్లీ చూశాను.

"నువ్వు పాడు జేసింది నువ్వే బాగు చెయ్యి," అన్నాడు మళ్లీ, మామూలు గొంతుతో. "ఒక్కొక్కటి చెయ్యి. తొందర లేదు."

ఒప్పుకున్నాను. పాడు చేసింది నేనో కాదో తేలకుండానే ఒప్పుకున్నాను. ఆదివారం ఆదివారం వెళ్లి ఒక తలుపో, ఒక మడ్‌గార్డో నీడలో తిన్నగా రుద్ది, ఎండలోకి తెచ్చి చూపిస్తాను. "బాగయింది," అంటాడు, అక్క చాయ్ ఇస్తుంది. సోమవారం ఆరింటికి ఆయన లేస్తాడు. టాపు మూడుసార్లు చేశాను, బానెట్ నాలుగుసార్లు. మొన్న వెళ్లినప్పుడు ఆయిల్ పోయేలా కడిగి, ఎండలో కారు చుట్టూ తిరిగి చూశాను. అన్నిటి మీదా మళ్లీ అవే సున్నలు.

ఇస్తానన్నవి పదకొండు. ఇవాళ్టికి బాకీ పదకొండు.