మేం వేసిన తాటాకు గుడిసె

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందనేది మా ఇంట్లో చిన్నాపెద్దా అందరూ ఒప్పుకున్న సంగతి. అలాంటి మనిషిని ఏరికోరి ఆడపిల్లల స్కౌటు దళానికి లీడరుగా పెట్టిన ఘనత ఆత్మకూరులోని ఒక హెడ్మిస్ట్రెస్ గారిది. బస్టాండు దగ్గర నాకో జెరాక్స్ షాపుంది. ఆవిడ ప్రశ్నపత్రాలు తీయించుకోవడానికి వచ్చినరోజు, వరస తప్పి ముందుకు తోసుకొచ్చిన ఇద్దరు పెద్దమనుషుల్ని నేను వెనక్కి పంపించాను. ఆవిడ అది చూసి, "అమ్మా, నీ గొంతు మాకు కావాల" అన్నారు. ఆదివారం పొద్దున రెండు గంటలే కదా అని తలూపాను.

స్కూలు గ్రౌండులో జెండా ఎగరేయడం, ముడులు వేయడం, దెబ్బ తగిలితే కట్టు కట్టడం, మూడు రాళ్ల పొయ్యి మీద అన్నం వండడం, గొంతు పోయేదాకా పాటలు పాడడం. ఇదీ మా పని. అందరూ ఐదో తరగతి నుంచి ఎనిమిది దాకా చదివే పిల్లలు. మెడలో ఆకుపచ్చ స్కార్ఫు కట్టుకుని వస్తారు. నేను టీచర్ని కాదు, మిస్ అనొద్దన్నాను. ఒక వారం ఆంటీ అన్నారు. దాని కంటే మిస్సే నయమనిపించి ఊరుకున్నాను.

అంతా బాగానే ఉండేది గానీ, ఒక్క విషయంలో నాకు ఒళ్లు మండేది. ఏదో ఒక ఆదివారం ఒక పిల్ల రాదు. జ్వరమేమో అనుకుంటాం. మళ్లీ ఆదివారం ఆ పిల్ల చెల్లెలో, పక్కింటి పిల్లో ఉతికి మడతపెట్టిన స్కార్ఫు తెచ్చి నా చేతిలో పెడుతుంది. ఎందుకని అడగక్కర్లేదు. పిల్ల పెద్దమనిషైంది. ఇక స్కూలుకు పంపుతారు, ట్యూషనుకు పంపుతారు, గ్రౌండులో గెంతడానికి మాత్రం పంపరు. మాగాణి ఉన్న రైతుల ఇళ్లయినా, కూలికి పోయే ఇళ్లయినా ఇందులో తేడా లేదు. రెండు మూడు ఇళ్లకు వెళ్లి గొడవ కూడా పడ్డాను. మర్యాదగా కాఫీ ఇచ్చి పంపించారు. నా షాపు సొరుగు నిండా ఆ మడతలే.

చెరువు గట్టు కింద కాలనీ నుంచి ఒక పిల్ల వచ్చేది. ఏడో తరగతి. మనిషి బక్కపలచన, నోరు మాత్రం ఊరంత. వాళ్ల నాయన చెరువులో చేపలు పడతాడు, అమ్మ నాట్ల కాలంలో సంగం వైపు కూలికి పోతుంది. ఇంట్లో పెత్తనమంతా నాయనమ్మది. ఆమెను పిల్ల అవ్వ అంటుంది కాబట్టి దళమంతా అవ్వే అనేది. అవ్వ చేపల గంప నెత్తిన పెట్టుకుని ఊరంతా తిరిగి అమ్ముతుంది.

ఈ పిల్లకు ఒకటే పిచ్చి, ఉదయగిరి కొండ. దుత్తలూరులో మేనమామ ఇంటికి పోయినప్పుడల్లా దూరంగా నీలంగా కనపడే ఆ కొండను చూసి చూసి, ఎక్కకపోతే చచ్చిపోతానన్నట్టు మాట్లాడేది. ప్రతి ఆదివారం గుడ్ మార్నింగుకు బదులు "మిస్, కొండకెప్పుడు పోయేది?" అని అడిగేది. ఆ పోరు పడలేక ఇళ్లవాళ్లను ఒప్పించి, వ్యాను మాట్లాడి, ఒక ఆదివారం పోదామని ఖాయం చేశాను.

దానికి ముందు ఆదివారం గుడిసె కట్టడం నేర్పించాను. కొండ మీద వాన వస్తే తలదాచుకోవాలి కదా. పిల్లలు పచ్చి తాటాకులు, వెదురు గడలు తెచ్చి, నేను నేర్పిన ముడులు సగం, వాళ్లకు తోచిన ముడులు సగం వేసి గోడ వారగా ఒక గుడిసె నిలబెట్టారు. చూడ ముచ్చటగా ఉంది. తర్వాత ప్రథమ చికిత్స. ఒక పేషెంటు కావాలి. కాసేపన్నా నోరు మూసుకుని ఒకచోట కూర్చుంటుందని మన పిల్లనే పేషెంటును చేశాను. కాలు బెణికినట్టు కట్టు కట్టి, లోపల చాప వేసి కూర్చోబెట్టాం. పక్కన వేరేగా ఒక గ్లాసు, ఒక పళ్లెం. అల్లరి మూక లోపలికి దూరకుండా గుమ్మం దగ్గర ఇద్దరు పిల్లలు కాపలా. ఆరోజే మా అమ్మ చేసిచ్చిన నువ్వులుండలు పంచితే, పేషెంటుకని పళ్లెంలో రెండు ఎక్కువ పెట్టారు.

సరిగ్గా అప్పుడే అవ్వ చేపల గంపతో కాంపౌండు గోడ పక్కగా పోతూ లోపలికి చూసింది. మేమెవ్వరం ఆమెను చూడలేదు.

మధ్యాహ్నం నేను షాపులో మిషన్‌లో ఇరుక్కున్న కాగితాన్ని తిట్టుకుంటూ లాగుతుంటే పిల్ల పరిగెత్తుకుంటూ వచ్చింది. కాలికి ఇంకా నేను కట్టిన కట్టు అలాగే ఉంది.

"మిస్, మా మామ వచ్చినాడు. వాకిట్లో గుడిసె ఏస్తా ఉండాడు. నేను పెద్దమనిషి అయినానంట. కాలేదంటే ఎవురూ నమ్మలా. ఇంక కొండా లేదు, నీ దగ్గరికి వచ్చేదీ లేదంటా ఉండాది అవ్వ."

అంత నోరున్న పిల్ల, చెబుతూ చెబుతూనే బావురుమంది. షట్టరు కిందికి లాగేసి, పిల్లను స్కూటీ ఎక్కించుకుని బయలుదేరాను. దారి పొడుగునా అవ్వను ఏమేం అనాలో గట్టిగా పైకే అనుకుంటూ పోయాను.

అక్కడికి పోయేసరికి వాకిట్లో పచ్చి తాటాకుల గుడిసె సగం లేచి ఉంది. మేనమామ గడకు తాడు చుడుతున్నాడు. మా దగ్గర ఆడపిల్ల పెద్దమనిషైతే మేనమామ వచ్చి గుడిసె వేయాలి. పిల్ల అందులో వేరే చాప మీద, వేరే పళ్లెంతో కూర్చోవాలి. నువ్వులూ బెల్లం దంచి చిమ్మిలి పెట్టాలి. పొద్దున మేం గ్రౌండులో ఒక్కటీ తక్కువ కాకుండా అన్నీ అమర్చిపెట్టామని నాకప్పుడు వెలిగింది. పక్కింటామె రోట్లో చిమ్మిలి దంచుతూనే ఉంది.

"అవ్వా, అది ఆట. పిల్లకేం కాలేదు" అన్నాను.

"ఆటేంది మేడమ్మా. కళ్లారా చూసినాను. పచ్చి తాటాకులు, చాప, గ్లాసు, నువ్వులుండలు. గుమ్మంలో ఇద్దరు కాపలా. ఇంకేం కావాల?"

"పిల్ల కాదంటోంది కదా."

"ఎవురైనా అయినానని చెప్తారా? మేమంతా కాదనే చెప్పినాం మా కాలంలో."

"చూసినదానివి లోపలికొచ్చి నన్ను అడగొచ్చు కదా" అని గొంతు పెంచాను.

అవ్వ గొంతు మాత్రం తగ్గింది. "నేనెట్టా వస్తాను? మొగుడు పోయినదాన్ని. మొదట నా మొహం చూస్తే బిడ్డకు మంచిది కాదని గోడ చాటున నక్కి నక్కి వచ్చేసినాను."

దారి పొడుగునా కూడబెట్టుకున్న తిట్లలో ఒక్కటి కూడా నోటికి రాలేదు. గంప దించకుండా, మనవరాలి కంట పడకుండా వంగి వంగి నడిచిపోయిన ముసలామె కళ్లముందు మెదిలింది. పిల్ల కాలు ముందుకు పెట్టించి, కట్టు విప్పి, మళ్లీ కట్టి, పొద్దున జరిగిందంతా మొదటి నుంచి చెప్పాను. పక్కింటామె రోకలి ఆపింది. మేనమామ తాడు వదిలేసి, సగం గుడిసె ముందు కూలబడ్డాడు.

"తాటి చెట్టెక్కి చేతులన్నీ గీరుకుపోయినాయి అత్తా. ఇప్పుడిదేం చేసుకోవాల?"

"కోళ్లు పడుకుంటాయిలే" అంది అవ్వ. ముందు ఆమే నవ్వింది. ఆ తర్వాత ఎవరూ ఆపుకోలేకపోయారు. దంచిన చిమ్మిలి పారేస్తారా, అందరం గుడిసె చుట్టూ కూర్చుని తిన్నాం.

పిల్ల మాత్రం తినలేదు. "అవ్వా, నిజంగా అయినప్పుడు కూడా పంపవా?" అని అడిగింది.

"అప్పటి సంగతి అప్పుడు."

ఆ మాటకు అర్థం నాకు బాగా తెలుసు. కాఫీ ఇచ్చి పంపినవాళ్లందరూ ఇదే అన్నారు.

"నువ్వు మాత్రం చిన్నప్పుడు ఈ గట్టు నుంచి ఆ గట్టుకు ఈదేదానివంట గదా" అంది పిల్ల. "పెద్దమనిషి అయినాక మానేసినావంట."

అవ్వ పుట్టిందీ మెట్టిందీ ఆ చెరువు పక్కనే. గంపలో మిగిలిన చేపల మీద తడిగుడ్డ సర్దుతూ, "మానేయలా. మానిపించినారు" అంది.

గొడవ పడదామంటే చేతిలో ఆమె పెట్టిన చిమ్మిలి ఉంది మరి.

మరుసటి ఆదివారం కొండెక్కాం. ఎక్కేటప్పుడు పిల్లలు నన్ను తోశారో, లాక్కుపోయారో నాకు సరిగ్గా గుర్తులేదు. అడుగడుగునా కూలబడుతుంటే "మిస్, పేషెంటు మీరా?" అని ఎగతాళి. మన పిల్ల అందరికంటే ముందు పోయి పాత కోటగోడ మీద నిలబడి, దుత్తలూరు ఎటువైపుందో నన్నడిగి, అటు తిరిగి "మామా" అని గొంతు చించుకుని అరిచింది. వాళ్ల మామకు వినపడే ఉంటుందని మిగతావాళ్లు ఒట్టేసి చెప్పారు. దిగొచ్చాక ఉదయగిరిలో అవ్వకని ఒక కొయ్య గరిటె తీసుకుంది. ఆ తర్వాత చాలా రోజులు అవ్వ చేపలమ్ముతూ మా షాపు ముందు ఆగి, కొండ మీద ఏమేం ఉన్నాయో నన్ను కూడా అడిగి పోయేది. మనవరాలు చెప్పింది నిజమో కాదో చూసుకోవడానికంట.

ఏడాది గడిచింది. ఎనిమిదో తరగతిలో ఒక ఆదివారం పిల్ల రాలేదు. జ్వరమేమో అనుకున్నాను. మళ్లీ ఆదివారం గేటు వైపు చూస్తూనే ఉన్నాను, రాలేదు. వాళ్ల వీధి పిల్లలు నేలచూపులు చూశారు. ఆరోజు ఊరికే అందరి మీదా అరిచాను.

సోమవారం అవ్వ షాపు ముందు గంప దించింది. కొంగు ముడిలోంచి మడతపెట్టిన ఆకుపచ్చ స్కార్ఫు తీసి కౌంటరు మీద పెట్టింది. ఎందుకని అడగడానికి కూడా మనసు రాలేదు. సొరుగు లాగి, మిగతా మడతల మీద దాన్ని పెట్టబోయాను.

"ఉండు మేడమ్మా, దాచేస్తా ఉండావేంది?" అని అవ్వ నా చేతిలోంచి లాక్కుని మడత విప్పింది. స్కార్ఫు మధ్యలో అరచేతి మేర పసుపు మరక.

"నలుగు పెట్టేటప్పుడు ఇది మెళ్లోంచి తీయనని మొండికేసింది ముండ. ఎంత ఉతికినా పసుపు పోలా" అంది అవ్వ. "ఇంకోటుంటే ఇయ్యి. ఆదివారం నీ దగ్గర గుడిసె కట్టేది ఉండాదంట గదా."