నీడ వెయ్యని అక్షరాలు

మా సారు పోయారన్న మాట నాకు కుప్పం బస్సు కండక్టరు చెప్పాడు. పుంగనూరు బస్టాండు ఎదురుగా నిచ్చెన ఎక్కి ఒక బట్టల కొట్టుకు బోర్డు రాస్తున్నాను. "మీ సూపులేని సారు పొద్దున పాయెనంటప్పా. గుండె ఆగిందంట" అన్నాడు కింద నిలబడి. ఊళ్ళో అందరినీ ఆటపట్టించేవాణ్ణి కదా, ఎవరో నా మందు నాకే పోస్తున్నారనుకున్నాను. "ఇంకోటి సెప్పు, ఇది అతకలేదు" అన్నాను. అతను నవ్వలేదు. నేను నిచ్చెన దిగాను. బోర్డు మీద సగం పేరు అలాగే ఉండిపోయింది.

ఆయన నాకు పాఠం చెప్పిన సారు కాదు. వయసులో నాకన్నా నాలుగేళ్ళు చిన్న. అయినా సారే.

డెబ్బైల్లో ఆయన మదనపల్లెలో బి.ఏ. చదివేవారు. పుట్టుకతోనే చూపు లేదు. తాను చెబుతుంటే పక్కన కూర్చుని రాసే మనిషి కావాలని, అందరికన్నా అరగంట ఎక్కువ కావాలని ఏడాది పొడుగునా అర్జీలు పెట్టి యూనివర్సిటీ నుంచి అనుమతి తెప్పించుకున్నారు. అందులో ఒక షరతు. రాసే మనిషి ఆయనకన్నా తక్కువ చదివినవాడై ఉండాలి. చదువు తక్కువ, దస్తూరీ బాగా ఉన్నవాడు ఎవడని విచారిస్తే చౌడేపల్లె నుంచి పుంగనూరు దాకా ఉన్న బోర్డులన్నీ నన్నే చూపించాయి.

పరీక్షల సూపరింటెండెంటు నన్ను ఎగాదిగా చూశాడు. "ఏం చదివినావప్పా?"

"పది తప్పినా సార్."

"రుజువుండాదా?"

మార్కుల కాగితం తీసి ఇచ్చాను. జీవితంలో అది నాకు పనికొచ్చింది ఆ ఒక్కసారే. "లెక్కల్లో పదకొండా!" అన్నాడాయన.

"యాల సార్, ఇంకా తగ్గాల్నా?" అన్నాను. పక్కనే ఉన్న మా సారు నవ్వు ఆపుకోలేక దగ్గారు.

మమ్మల్ని మ్యాపులు చుట్టిపెట్టిన ఒక గదిలో కూర్చోబెట్టారు. సారు చెబుతున్నారు, నేను రాస్తున్నాను. ఇక్కడే నా బుద్ధి బయటపడింది. బోర్డులు రాసిన చెయ్యి కదా, ఉత్త అక్షరం రాసి ఊరుకోదు. చరిత్ర పేపరులో ప్రతి హెడ్డింగుకూ లావుగా గీతలు దిద్ది, కుడివైపు నీడ వేసి, కింద రెండు గీతలు కొట్టాను. యూనివర్సిటీవాళ్ళు చూసి ముచ్చటపడతారని నా మురిపెం.

"ఏందప్పా, ఒకే అచ్చరాన్ని అన్నిసార్లు దువ్వుతాండావు?" అన్నారు సారు. పెన్ను చప్పుడు వింటున్నారని నాకు తెలియదు.

"పెన్ను పారలేదప్పా" అని అబద్ధం చెప్పాను.

గంట కొట్టేసరికి చివరి ప్రశ్న మొత్తం మిగిలిపోయింది. ఇచ్చిన అరగంటను నేను నీడలకు ఖర్చుపెట్టాను. కాగితాలు ఇచ్చేముందు సారు మొదటి పేజీ తిరగేసి, దాని వెనక బొటనవేలు నడిపించారు. ఒకచోట ఆగారు. తర్వాత కాగితాలు సర్ది ఇచ్చేశారు.

ఆ ఒక్క పేపరూ పోయింది. దాంతో డిగ్రీ ఆగింది, ఉద్యోగానికి అర్జీ పెట్టే దారీ మూసుకుంది. ఎదురుపడితే ఏమంటారోనని నేను మదనపల్లె పోవడమే మానేశాను. ఒకరోజు ఆయనే బస్సు దిగి, కర్ర తాటించుకుంటూ పుంగనూరులో నా బోర్డుల కొట్టుకు వచ్చారు.

"సెప్టెంబరులో మళ్ళా రాయల్ల. వస్తావా?"

"నన్నా పిలుస్తాండావు? నా వల్లనే కదప్పా పాయె!"

"తెలుసులే. హెడ్డింగులకు నీడలేసినావు. కాగితం ఎనకాల వేలు పెడితే ఉబ్బి తగిలె."

"తెలిసి ఆ పొద్దే యాల తిట్టలేదు?"

"తిడితే నీ చెయ్యి వణుకుతాది. మర్నాడు ఇంకో పరీచ్చ ఉండె గదా."

"బాగా సదివినోణ్ణి సూసుకో, పో."

"సదివినోడు నాకు తెలీకుండా వాడి తెలివి కలుపుతాడు. నీ కాడ ఆ బయం లేదు."

నాకు తెలివి లేదన్న సంగతి అంత మర్యాదగా చెప్పినవాళ్ళు ఈ లోకంలో మరొకరు లేరు.

ఆ రోజు నుంచి సాయంత్రాలు నా కొట్టే బడి. ఆయన చేతి గడియారానికి అద్దం ఉండేది కాదు. ముళ్ళను వేలితో తడిమి టైము చూసేవారు. పేజీకి ఇన్ని నిమిషాలని పెట్టి చెప్పేవారు, నేను రాసేవాణ్ణి. ప్రతి పేరాకూ "ఊఁ, ఇప్పుడు సదువు" అనేవారు. ఒకసారి ఉత్త కాగితం మీద పెన్ను గీకి, రాసినట్టే నాటకమాడి, రాయని పేరా గడగడా అప్పజెప్పాను. ఆయన కాగితం తిరగేసి వెనక తడిమి, "గీతలు బాగుండాయి. మేకలు రాసినట్టుండాది" అన్నారు. ఆయనతో నా ఆటలు సాగవని ఆనాడు తెలిసింది.

సెప్టెంబరులో కొత్త సూపరింటెండెంటు. అందరితోపాటే మా కాగితాలూ లాక్కోబోయాడు. "ఏదో పాపమని రానిచ్చినాం, ఇంకా ఎంతసేపు?" అన్నాడు. సారు కాగితాల మీద రెండు చేతులూ పెట్టారు. గొంతు పెంచలేదు. "జాలి వద్దు సార్. నా అరగంట ఇయ్యండి, ఆర్డరులో ఉండాది" అన్నారు. ఆర్డరు తెచ్చి చదువుకుని ఆ సూపరింటెండెంటు వెనక్కి తగ్గాడు. మేము చివరి వాక్యం ముగించి, రెండుసార్లు చదువుకుని లేచాం.

అలా ఆయన పాసయ్యారు. ఎం.ఏ. చేసి కుప్పంలో లెక్చరరయ్యారు. అక్కడ చేతులు సరిగా పనిచెయ్యని అమ్మాయి ఒకతె ఇంటర్‌లో చేరితే, ఆమె కోసం మళ్ళీ అర్జీలు, మళ్ళీ అదే అరగంట. రాయడానికి నాకు కబురు. నలభై దగ్గరపడిన మనిషిని, అదే తప్పిన మార్కుల కాగితం జేబులో పెట్టుకుని కుప్పం బస్సెక్కాను. "దీన్ని పోగొట్టుకోవద్దప్పా, పాసైపోయినావంటే పనికిరావు" అని నవ్వారు సారు.

మొన్న కాలేజీలో సంతాప సభ అంటే కుప్పం వెళ్ళాను. ఆ అమ్మాయి ఇప్పుడు ఆ కాలేజీ ఆఫీసులోనే ఉద్యోగం చేస్తోంది. సంతాప తీర్మానం రాయాలట. తెల్ల కాగితం, బాల్‌పెన్ను నా ముందు పెట్టించి, "నేను సెప్తానన్నా, నువ్వు రాయి" అంది. ఏడుస్తూనే చెప్పింది. పైన ఆయన పేరు రాసేటప్పుడు చెయ్యి తనంతట తాను కుడివైపుకు, నీడ వెయ్యడానికి పోయింది. ఆపుకున్నాను.

అయిపోయాక, "ఊఁ, ఇప్పుడు సదువు" అని ఎవరూ అనలేదు. అయినా మొత్తం పైకి చదివాను. తర్వాత కాగితం తిరగేసి, కళ్ళు మూసుకుని, వెనకవైపు బొటనవేలు నడిపించాను. సారు పేరు దగ్గర వేలు ఆగలేదు. అన్ని అక్షరాలూ ఒకే ఎత్తున, సన్నగా తగిలాయి.