మాచర్లలో షమీమ్ ఆట

షమీమ్ సొంత ఊళ్లో మొదటిసారి ఆడుతోందని తెలియగానే మాచర్ల ప్రయాణం పెట్టుకున్నాను. కొన్నేళ్ల కిందట గుంటూరు ఆసుపత్రిలో మా అత్తగారి పక్క మంచం ఆ అమ్మాయిదే. మిరపకోతలకు వెళ్తున్న ఆటో తిరగబడి ఎడమకాలు మోకాలి పైదాకా తీసేయాల్సి వచ్చింది. అప్పటికి ఇంటర్ కూడా పూర్తికాలేదు. ఇప్పుడు వీల్‌చైర్ బాస్కెట్‌బాల్‌లో రాష్ట్ర జట్టుకు ఆడుతోంది.

ఉదయం ఆరున్నరకు నరసరావుపేటలో పల్లెవెలుగు ఎక్కాను. ఆధార్ చూపిస్తే కండక్టరు ఆడవాళ్లకిచ్చే జీరో టికెట్టు కొట్టిచ్చాడు. నకరికల్లు దాటాక కల్లాల్లో ఆరబోసిన మిరపకాయల ఘాటుకు బస్సంతా తుమ్ములే. పిడుగురాళ్లలో ఆగినప్పుడు ఇడ్లీ తిన్నాను. అక్కడ ఎక్కిన పెద్దామె ఎక్కడికని అడిగితే చెప్పాను.

"కుర్చీలో కూకొని బంతాటేందమ్మా! చూసేదానికి జనం వస్తారా?" అంది.

గురజాల మీదుగా మాచర్ల చేరేసరికి పది దాటింది. ఆటోలో షమీమ్ ఇంటికి వెళ్లాను. వాళ్లమ్మ హుసేన్‌బీ గుమ్మంలోనే నా చెయ్యి పట్టుకుంది.

"చానా దూరం వచ్చావు చెల్లెమ్మా. నేను మాత్రం ఆటకు రాను. ఆ రోజు ఆటో కింద నించి దీన్ని లాగింది నేనే. మళ్లా ఇది కింద పడితే నేను చూడలేను."

అన్నాలు తింటున్నప్పుడు షమీమ్ తన సంగతులు చెప్పింది. కృత్రిమ కాలు కోసం విజయవాడ వెళ్తే, అక్కడ సాధన చేస్తున్న ఆటగాళ్లు బంతి చేతికిచ్చారట. మొదట్లో బంతి రింగు దాకా కూడా పోయేది కాదట. భుజాలు వాచిపోయినా మానలేదు. ఇప్పుడు చెన్నైలో ఒక క్లబ్బు తనను ఆడటానికీ, కొత్తవాళ్లకు నేర్పడానికీ రమ్మంటోంది.

"అమ్మ అవునూ అనదు, కాదూ అనదు. సరే అనకుండా నేనెట్టా పోయేది పిన్నీ?" అంది. హుసేన్‌బీ వినపడనట్టు గిన్నెలు సర్దుకుంటోంది.

మూడున్నరకు షమీమ్ జట్టుతో ముందే వెళ్లిపోయింది. "గ్రౌండు దారి నాకు తెలియదక్కా, తోడు రా" అన్నాను. హుసేన్‌బీ బుర్ఖా వేసుకుని బయలుదేరింది.

కాలేజీ గ్రౌండులో సిమెంటు కోర్టు చుట్టూ జనం బాగానే ఉన్నారు. ఆట కుర్చీల చక్రాలు కిందికి వెడల్పుగా వాలి ఉంటాయి. ఆటగాళ్లను నడుముకు బెల్టుతో కుర్చీకి కట్టేస్తారు. షమీమ్ ఒక చేత్తో చక్రం తోస్తూ, ఇంకో చేత్తో బంతి కొడుతూ దూసుకుపోతుంటే, హుసేన్‌బీ అరచేతుల్లో మొహం దాచుకుంది.

ఇంతలో అవతలి జట్టు అమ్మాయి వేగంగా వచ్చి గుద్దింది. షమీమ్ కుర్చీతో సహా పక్కకు పడిపోయింది. జనం లేచారు. నలుగురు లోపలికి పరిగెత్తబోయారు.

"ఎవరూ రాబాకండి!" అని అరిచింది షమీమ్. రెండు చేతులూ సిమెంటు మీద ఆనించి, ఒక్క ఊపుతో కుర్చీని నిలబెట్టుకుంది. మోచేయి చీరుకుపోయి రక్తం కారుతోంది. చొక్కాకు తుడుచుకుని బంతి కోసం చెయ్యి చాపింది.

పక్కకు చూస్తే హుసేన్‌బీ లేదు. గీత దగ్గర నిలబడి రిఫరీ మీద విరుచుకుపడుతోంది.

"ఏందయ్యా, ఆ పిల్ల గుద్దితే ఈల ఊదవా? ఊరకే నోట్లో పెట్టుకోను ఇచ్చారా నీకది?"

రిఫరీ నవ్వాపుకుంటూ ఆమెను వెనక్కి పంపాడు. ఆ తర్వాత ఆమె కూర్చోలేదు. షమీమ్ బంతి రింగులో పడ్డప్పుడల్లా నా భుజం మీద చరుస్తూనే ఉంది.

సాయంత్రం తల్లీకూతుళ్లు నన్ను బస్టాండు దాకా దిగబెట్టారు. బస్సు కదలబోతుంటే హుసేన్‌బీ కిటికీ దగ్గరకొచ్చింది.

"చెల్లెమ్మా, చెన్నైలో ఆట చూడను మనలాంటోళ్లని గ్రౌండు లోపలికి రానిస్తారా?"

కృత్రిమ కాలుతో పక్కనే నిలబడ్డ షమీమ్ తల్లి వైపు చూసింది. ఆమె భుజం మీద తల ఆనించేసింది.

అక్కడినుంచి సాగర్ బస్సెక్కితే దారిలో ఎత్తిపోతల జలపాతం చూడవచ్చు, వెళ్లేవాళ్లు చూడండి. నేను చూడలేదు, లోటుగానూ అనిపించలేదు. ఆ పిల్లకు ధైర్యం చెప్పాల్సి వస్తుందేమోనని వెళ్లాను. ఆ పనే పడలేదు.

గురజాల దాటాక మావారు ఫోన్ చేశారు. రెండు పాయింట్ల తేడాతో షమీమ్ జట్టు ఓడిపోయిందని చెప్పాను.

"మరి నీ గొంతులో ఆ సంబరమేంది?" అన్నారు.

ఇంటికొచ్చి చెబుతానన్నాను.